తడిని తరమొద్దు, తుంగ నాటు

కోడలు పిల్లా,

ఇంటి పని ఒక కొలిక్కి వచ్చిందని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. అయితే పెరట్లో జాలాడి వెనకాల ఎప్పుడూ చిత్తడిగా ఉండే జాగా ఒకటి మిగిలిపోయిందనీ, ఆ రొచ్చు చూడలేక దాని మీద గచ్చు పోయించేద్దామని నువ్వూ అల్లుడూ అనుకుంటున్నారనీ కూడా చెప్పాడు. పెద్దదాన్ని, ఒక మాట చెప్తాను, వినమ్మా. గచ్చు పోయించొద్దు. ఆ జాగాలో తుంగ నాటు. పన్నెండు నెలలూ పచ్చగా ఉండే రకం ఎంచుకుని, దానికో హద్దు కట్టి నాటు. రొచ్చు పోతుంది, పెరడు చల్లబడుతుంది, పారబోసిన నీళ్లు మరో పనికి వస్తాయి.

ఈ మాట మీ నాన్నతో అంటే, "చేలో తుంగ పీకలేక జనం చస్తుంటే నువ్వు పెరట్లో నాటమంటావేందక్కా" అన్నాడు. రైతు బిడ్డ, అతను అన్నదాంట్లో న్యాయం ఉంది. చేలో చంపుకు తినే తుంగ వేరు, నేను నాటమనే తుంగ వేరు. ఆ తేడా కూడా చెప్తాను. తీరిగ్గా చదువు, అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు ఆ తడి ఎందుకు ఆరడం లేదో తెలుసుకో. రాచర్ల, గిద్దలూరు, కంభం, మార్కాపురం పొడుగునా పైమట్టి కింద ఉండేది ఎక్కువగా పలకరాయి జాతే. బడిపిల్లల పలకలతో మార్కాపురానికి పేరు తెచ్చింది ఆ రాయే. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు ఈ రాతి పొరలకు కంభం పేరే పెట్టారు. పొర మీద పొరగా బిగుసుకుని ఉంటుంది. పగుళ్లున్న చోట నీళ్లు దిగిపోతాయి, లేని చోట పైనే నిలుస్తాయి. అందుకే మన వైపు ఒక ఇంట్లో ఇంకుడు గుంత ఎన్ని నీళ్లు పోసినా తాగేస్తుంది, పక్కింట్లో నాలుగు రోజులకే నిండి పొర్లుతుంది. మీ జాగా ఆ రెండో రకం. దాని మీద గచ్చు పోస్తే నీళ్లు ఎక్కడికీ పోవు. గచ్చు కింద చేరి పునాది వైపు పాకుతాయి. తర్వాత గోడ అడుగున ఉప్పు పొంగుతుంది, సున్నం పెచ్చులూడుతుంది. అప్పుడు గచ్చూ పగలగొట్టాలి, గోడకూ మళ్లీ పూత వేయాలి. కొత్త ఇంటికి ఆ గతి పట్టించొద్దు.

ఇంకో సంగతి నీళ్ల విలువ. మనది నీళ్లకు మొహం వాచిన సీమ. శ్రీశైలం నీళ్లు వెలిగొండ సొరంగాల గుండా వస్తాయని కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తూనే ఒక తరం పెద్దదైపోయింది. బోర్లు వేస్తే చాలా ఊళ్లలో ఫ్లోరైడు నీళ్లు. అలాంటి చోట జాలాడి నుంచి పోయే ప్రతి చెంబుకూ లెక్క ఉండాలి. జల్ జీవన్ మిషన్ కింద మనిషికి రోజుకు 55 లీటర్లని లెక్క కట్టారు. మీరు ఇంట్లో ఐదుగురు, అంటే 275 లీటర్లు. అందులో మూడింట రెండు వంతుల దాకా వాడిన నీళ్లుగా బయటికి పోతుంది. సుమారు 180 లీటర్లు. గిన్నెలు కడిగినవి, బట్టలు ఉతికినవి, ఒళ్లు కడుక్కున్నవి. ఇవి మురుగు కావు తల్లీ, ఒకసారి వాడిన నీళ్లు. పట్టించుకోకుండా నిలవ పెడితేనే మురుగవుతాయి.

ఇక తుంగే ఎందుకంటావా? మందారం, గన్నేరు, మల్లె, గులాబీ, వీటిలో ఏది పెట్టినా ఆ చిత్తడిలో వేరు కుళ్లి పోతుంది. మట్టి సందుల నిండా నీళ్లుంటే వేరుకు గాలి ఆడదు, అందుకే కుళ్లుతుంది. తుంగకు ఆ ఇబ్బంది లేదు. ఒక తుంగ కాడ, ఒక గడ్డి కాడ తెచ్చి పక్కపక్కన పెట్టుకుని చూడు. గడ్డి కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులుంటాయి, కణుపుకూ కణుపుకూ మధ్య చాలావాటిలో బోలు. తుంగ కాడను బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య పెట్టి దొర్లించి చూడు, సాఫీగా దొర్లదు. మూడు అంచులు వేలికి తగులుతాయి. గొడుగు తుంగలో ఆ అంచులు కాస్త మొద్దుగా ఉంటాయి, అయినా తెలుస్తాయి. కాడ మొదలు నుంచి కొస దాకా ఒక్క కణుపు కనిపించదు. బ్లేడుతో అడ్డంగా కోస్తే లోపల తెల్లటి మెత్తటి బెండు. ఆ బెండులో సన్నటి గాలి దారులుంటాయి. ఆకు నుంచి గాలి ఆ దారుల వెంట కిందికి దిగి వేరుకు చేరుతుంది. నీళ్లలో నిలబడి కూడా తుంగ వేరు కుళ్లకపోవడానికి కారణం అదే.

ఆ గాలి వేరు దగ్గరే ఆగిపోదు, కొంత చుట్టూ ఉన్న తడిలోకి కూడా వెళ్తుంది. అక్కడ కంటికి కనపడని సూక్ష్మజీవులు బతుకుతాయి. అన్నం గంజి, సబ్బు మడ్డి, ఒంటి జిడ్డు వాటికి ఆహారం. అవి తిని విరగ్గొట్టిన దాంట్లో నుంచి తుంగ తనకు కావలసిన నత్రజని, భాస్వరం తీసుకుంటుంది. వాసన తగ్గడమూ, నీళ్లు తేటపడడమూ ఇద్దరూ కలిసి చేసే పని. జర్మనీలో కేథే సైడెల్ అనే వృక్షశాస్త్రవేత్త 1950లలోనే ఈ పని మీద పరిశోధన మొదలుపెట్టింది. ఆమె మొదట పట్టుకున్న మొక్క చెరువుల్లో పెరిగే ఒక తుంగ జాతిదే. మురికి నీళ్లు శుభ్రం చేయడానికి ఇవాళ ప్రపంచమంతా కట్టుకుంటున్న మొక్కల మడుగుల వెనక ఆమె కృషి ఉంది. మన దగ్గర పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు పల్లెల్లో ఇంటి మురుగు నీళ్లను ఇలాంటి మొక్కల మడుల గుండా పంపి పొలాలకు వాడి చూపించారు. హైదరాబాదు పక్కన నెక్నాంపూర్ చెరువులో 2018లో మూడు వేల చదరపు అడుగుల తేలే దీవి ఒకటి కట్టి, వట్టివేరు, మెట్టతామర, జమ్ము, తుంగ జాతి మొక్కలు దాని మీద పెంచారు. చెరువుకు చేసిన పనిని నువ్వు పెరట్లో చిన్నగా చేస్తావు, అంతే తేడా.

ఇప్పుడు ఏ తుంగ నాటాలో చెప్తాను. దీంట్లో పొరపాటు పడితే మీ నాన్న భయమే నిజమవుతుంది.

గొడుగు తుంగ తీసుకో. నర్సరీల్లో దీన్ని అంబ్రెల్లా పామ్ అని అమ్ముతారు. కాడ నిటారుగా మూడు నాలుగు అడుగులు లేస్తుంది, నీళ్లు బాగా ఉంటే ఐదడుగులు కూడా. కొసన సన్నటి ఆకులు చుట్టూ గొడుగు ఊచల తీరున విచ్చుకుంటాయి. పుట్టిల్లు ఆఫ్రికా, మడగాస్కర్ వైపు. అందుకే మన ఎండ దానికి కొత్త కాదు. వేళ్లకు తడి అందితే చాలు, మే నెలలో 43, 44 డిగ్రీలు కాసినా పచ్చగా నిలుస్తుంది. పూర్తి ఎండలోనూ బతుకుతుంది, సగం నీడలోనూ బతుకుతుంది. చలికాలంలో ఆకు రాల్చదు. ముదురు కాడ పండిపోతుంటే మొదట్లో లేత కాడ లేస్తూనే ఉంటుంది. కుదురు ఎక్కడ ఉంటే అక్కడే మెల్లమెల్లగా వెడల్పవుతుంది. దొంగచాటుగా మూడు గజాల అవతల తేలడం దాని లక్షణం కాదు.

అలా తేలేది తుంగముస్త. చేలల్లో రైతును ఏడిపించే తుంగ అదే. పీకితే పైన ఉన్న ఆకు చేతికొస్తుంది, కింద సన్నటి తీగ మీద జపమాల పూసల్లా వరసగా ఉన్న గడ్డలు మట్టిలోనే ఉండిపోతాయి. ఒక్క గడ్డ మిగిలినా మళ్లీ మొలుస్తుంది. ప్రపంచంలోని కలుపు మొక్కల్లో అన్నిటికన్నా చెడ్డదని వ్యవసాయ శాస్త్రవేత్తలు దీనికే పేరు పెట్టారు. మందుగా మాత్రం దానికి గౌరవం ఉంది. ఆయుర్వేదంలో జ్వరానికిచ్చే షడంగ పానీయంలో తుంగముస్తలు ఒకటి. సున్నిపిండిలోనూ వేస్తారు, ఎండబెట్టిన గడ్డకు మంచి వాసన. అవి కావలసి వస్తే మూలికల కొట్లో కొనుక్కో. లోపలికి పుచ్చుకోవాలంటే వైద్యుణ్ని అడుగు. పెరట్లో మాత్రం నీ చేత్తో నాటొద్దు. నర్సరీ నుంచి తెచ్చిన కుండీ మట్టిలో ఇది దాగి వస్తుంటుంది. అందుకే తెచ్చిన మొక్కను నాటే ముందు బకెట్టు నీళ్లలో ముంచి, వేళ్లకంటిన మట్టి అంతా కడిగెయ్. వేళ్ల మధ్య నల్లటి చిన్న గడ్డలు కనిపిస్తే ఏరి ఎండలో పడేసి, బాగా ఎండాక కాల్చెయ్.

పాపిరస్ అని ఇంకోటి అమ్ముతారు. పూర్వం ఈజిప్టులో కాగితం చేసిన మొక్క అది, అదీ తుంగే. చాలా ఎత్తు పెరుగుతుంది, నిలవ నీళ్లు ఎక్కువ కోరుతుంది, మన వేసంగి గాలి దుమారాలకు కాడలు విరిగి పడతాయి. పెరటికి వద్దు. దానిలో పొట్టి రకం ఉంది, అడుగున్నర రెండడుగులు మించదు. మెట్ల పక్కన చిన్న తొట్టిలో పెట్టుకుంటే ముచ్చటగా ఉంటుంది.

సియాటిల్‌లో ఉన్న మీ చెల్లెలు పసుపు చార ఆకుల తుంగ ఫొటో పంపిందనీ, అదే తెప్పించుకుందామని నీకు ఆశగా ఉందనీ విన్నాను. అది కేరెక్స్ జాతి, జపాన్ నుంచి పాశ్చాత్య దేశాల తోటలకు చేరిన మొక్క. చలి దేశంలో మంచు కురిసినా పచ్చగా ఉంటుంది. మన రోహిణి కార్తె ఎండకు తట్టుకోలేదు. డబ్బు పోసి తెప్పించి చంపుకోవద్దు. నిజానికి మీ చెల్లెలికి కూడా నేను చెప్పేది ఇదే. వాళ్ల వైపు సముద్రతీరంలో, వాగుల పక్కన సహజంగా పెరిగే సతత హరిత తుంగ ఒకటి ఉంది. అక్కడి ఆదివాసులు దాంతో బుట్టలల్లుతారు. వాన నీళ్లు ఇంకడానికి ఇళ్ల ముందు పెంచే తోటల్లో దాన్నే నాటుతారు. మన తమిళ సోదరులు తిరునెల్వేలి దగ్గర పత్తమడైలో కోర తుంగతో పట్టులా మెత్తటి చాపలల్లినట్టే అదీను. ఏ నేలకు ఏ తుంగ అలవాటో అదే పెట్టుకోవాలి.

మొక్క ఒక్కటి తెస్తే చాలు, పన్నెండు అవుతాయి. గిద్దలూరులోనో, కడియం మొక్కలు తెచ్చి అమ్మే బండి మీదనో దొరుకుతుంది, నీకు మాత్రం నేనే ఒక కుదురు పంపిస్తాను. ముదిరిన కాడ ఒకటి చూసుకుని, గొడుగు కింద రెండంగుళాల కాడ ఉంచి కత్తిరించు. గొడుగు ఆకులను సగానికి కత్తిరించు, పొడవాటి ఆకులుంటే తడి త్వరగా ఆవిరైపోతుంది. దాన్ని తలకిందులుగా నీళ్ల గిన్నెలో పెట్టు, ఆకులన్నీ కలిసే నడిబొడ్డు నీళ్లలో మునగాలి. నీడలో ఉంచు. మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చు. రెండు మూడు వారాల్లో ఆకుల మొదళ్ల దగ్గర తెల్లటి వేళ్లు దిగుతాయి, ఆ పక్కనే సూది మొన పాటి పచ్చటి మొలకలు లేస్తాయి. మొలక వేలెడు పొడవయ్యాక చెరువు పూడిక మట్టి నింపిన కవర్లోకి మార్చు. పాపాయికి ఈ పని అప్పజెప్పు. బొమ్మల కంటే దీన్నే ఇష్టంగా చూసుకుంటుంది.

ఇక మడి సంగతి. అల్లుడు, మేస్త్రీ కలిసి చేయాల్సింది ఇది. ఇంటి గోడకు నాలుగైదు అడుగుల దూరంలో పది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు తవ్వించు. బోరుకు యాభై అడుగుల దూరం తప్పకుండా చూసుకో. గచ్చు కావాలని మేస్త్రీ పట్టుబడితే దీనికి నాలుగు వైపులా గోడగానూ అడుగునా వేయమను, సిమెంటుకు తగిన చోటు అది. అంత ఖర్చు వద్దనుకుంటే మందపాటి టార్పాలిను పరిపించు. అడుగు జాలాడి వైపు నుంచి రెండో కొస వైపుకు కొద్దిగా వాలుగా ఉండాలి.

జాలాడి నీళ్లు నేరుగా మడిలోకి వదలొద్దు. ముందు బకెట్టు పట్టేంత చిన్న గుంత కట్టి, దానికి జాలీ బిగించు. అన్నం మెతుకులు, వెంట్రుకలు, నూనె జిడ్డు అక్కడే ఆగిపోవాలి. వారానికోసారి జాలీ ఎత్తి ఆ గుంత కడగాలి. ఈ ఒక్క పని చేస్తే మడి ఏళ్ల తరబడి నడుస్తుంది, చేయకపోతే ఆర్నెల్లకే కంకర సందులు మూసుకుపోతాయి. నీళ్లు దిగే కొసనా, బయటికి పోయే కొసనా అడుగు వెడల్పున పిడికెడేసి రాళ్లు పోయించు. నడుమ అంతా 20 ఎం.ఎం. కంకర. కంకరను మట్టి లేకుండా కడిగించాలి సుమా. బయటి గొట్టానికి వంపు పెట్టి, నీళ్లు కంకర పైఅంచుకు మూడంగుళాలు కిందనే ఉండేలా చూడు. పైన నడిస్తే కాలికి తడి అంటకూడదు, కింద మాత్రం నీళ్లుండాలి. ఇంత మడిలో కంకర సందుల్లోనే ఐదు వందల లీటర్ల పైన పడతాయి. రోజుకు 180 లీటర్లు వచ్చినా దాదాపు మూడు రోజులు వేళ్ల మధ్య ఆగి బయటికి పోతాయి. సూక్ష్మజీవులు పని చేయడానికి ఆ వ్యవధి కావాలి.

మొక్కలు అడుగున్నర ఎడంగా రెండు వరసలు పెట్టు. మృగశిర కార్తెలో మడి తయారు చేసుకుని, పునర్వసు, పుష్యమి కార్తెల్లో నాటితే వానలు వాటిని నిలబెడతాయి. మొదటి మూడు వారాలు మంచి నీళ్లే పోయాలి. కొత్త కాడ లేచాక జాలాడి నీళ్లు కొద్దికొద్దిగా అలవాటు చెయ్. మరుగుదొడ్డి నీళ్లు మాత్రం ఇందులోకి ఎప్పటికీ రాకూడదు, వాటికి సెప్టిక్ ట్యాంకే. బాత్రూము యాసిడ్ పోసి కడిగిన రోజు ఆ నీళ్లను పక్కకు మళ్లించు, లేకపోతే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. తాగే నీళ్ల ఆర్‌వో యంత్రం వదిలే ఉప్పు నీళ్లు కూడా మొత్తం దీనికే పోయొద్దు. ఉప్పు పేరుకుంటే తుంగ ఆకుల కొసలు మాడతాయి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి వాడుకో. ఇంకో మాట, ఈ మడి ఫ్లోరైడును తీసేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. తాగే నీళ్లకూ దీనికీ సంబంధమే లేదు.

బయటికి వచ్చే నీళ్లు అరటికి, కొబ్బరికి, మందారానికి పెట్టు. పచ్చిగా తినే కొత్తిమీరకు, పుదీనాకు వద్దు. మడి అంచున మెట్టతామర నాలుగు దుంపలు వేస్తే ఎర్ర పూలు, పసుపు పూలు పూస్తాయి, దానికీ తడి అంటే ప్రాణం. సరస్వతి ఆకు పెంచాలని ఉంటే వేరే కుండీలో మంచి నీళ్లతో పెంచు. సబ్బు నీళ్లలో పెరిగిన ఆకు పిల్లల నోట్లోకి పోకూడదు.

ఇక నీ భయాలు. దోమలు పుడతాయేమోనని అడుగుతావు. దోమ గుడ్డు పెట్టేది పైకి కనిపించే నీళ్లలో. మన మడిలో నీళ్లు కంకర కింద దాగి ఉంటాయి కాబట్టి దానికి చోటు దొరకదు. ఇప్పుడు మీ పెరట్లో ఉన్న రొచ్చే అసలు దోమల పుట్టిల్లు. వాన పడ్డాక కంకర మీద నీళ్లు నిలిస్తే గొట్టం మూసుకుపోయిందని గుర్తు, వెంటనే చూడాలి. తొట్టిలో పొట్టి పాపిరస్ పెట్టుకుంటే అందులో నాలుగు గప్పీ చేపలు వదులు, పిల్లపురుగులను అవి తినేస్తాయి. చేపలు లేని తొట్లు, బకెట్లు శుక్రవారం డ్రై డే నాడు బోర్లించి ఆరబెట్టు. గుడ్డు దోమగా మారడానికి ఎనిమిది పది రోజులు చాలు, వారం తప్పితే లాభం లేదు.

పాములంటావా, అడగాల్సిన ప్రశ్నే. కొండ పక్క ఊళ్లలో ఉన్నవాళ్లం, పాము రాదని ఎవరూ మాట ఇవ్వలేరు. తుంగ కోసమని అది రాదు, ఎలుక కోసమో కప్ప కోసమో వస్తుంది, దాక్కునే చోటుంటే ఉండిపోతుంది. కాబట్టి దాక్కునే చోటు లేకుండా చెయ్. కుదురు మొదట్లో ఎండిన కాడలన్నీ నెలకోసారి కోసెయ్, అడుగు ఎత్తు దాకా అవతలికి కనిపించాలి. మడి పక్కన ఇటుకలు, కట్టెలు, కొబ్బరి మట్టలు పేర్చొద్దు. నడిచే దారికి దూరంగా ఉంచు, పెరట్లో ఒక దీపం పెట్టించు. కుదుట్లో చెయ్యి పెట్టే ముందు కర్రతో తట్టు. ఖర్మ కాలి ఎవరికైనా కాటు పడితే మంత్రం, పసరు అంటూ ఒక్క నిమిషం పోగొట్టుకోకుండా 108కి ఫోను చెయ్.

ఎండాకాలంలో మీరు ఊరు వెళ్తే జాలాడి నీళ్లు ఆగిపోతాయి. వారం పది రోజులు కంకరలోని తడి చాలుతుంది. అంతకు మించితే ఎవరికైనా చెప్పి రోజు మార్చి రోజు రెండు బిందెలు పోయించు. ఎండిపోయి గోధుమ రంగుకు తిరిగినా కంగారు పడి పీకెయ్యొద్దు. మొదటి దాకా కోసేసి తడి ఇస్తే చాలావరకు మళ్లీ మొలుస్తుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు ఆకుల మొదళ్లలో పిండి పురుగు పడుతుంది. గొట్టంతో నీళ్లు గట్టిగా కొట్టి, తగ్గకపోతే వేపనూనె చల్లు. రెండు మూడేళ్లకు కుదురు నడుమ బోసిపోతుంది. అప్పుడు పారతో తవ్వి తీసి, అంచున ఉన్న లేత పిలకలు మళ్లీ నాటుకుని, నడిమి ముసలి భాగం తీసెయ్.

తీసేసిన ఆ ముక్కలు ఏం చేస్తావన్నది అన్నిటికన్నా ముఖ్యం. దీన్ని మాత్రం మర్చిపోవద్దు. వాగులో పారేయొద్దు, చెరువు కట్ట దగ్గర పడేయొద్దు. గొడుగు తుంగ పరాయి దేశపు మొక్క. పెరట్లో నీ చెప్పుచేతల్లో ఉంటుంది, పారే నీళ్లలో పడితే ఎవరి మాటా వినదు. ఆస్ట్రేలియా వంటి చోట్ల తోటల్లోంచి జారిపోయి వాగుల ఒడ్లు ఆక్రమించింది. మన గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి, నెమలిగుండ్ల రంగనాయకస్వామి పాదాల ముందుగా పారి, కంభం చెరువులోకి చేరుతుంది. విజయనగర కాలంలో కట్టిన ఆ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడంగా గుర్తించింది. వందల ఏళ్లుగా మన పూర్వీకులు కాపాడిన నీళ్లలోకి మన పెరటి చెత్త పోకూడదు. కోసిన కాడలను బాగా ఎండబెట్టి పాదుల్లో ఆచ్ఛాదనగా పరుచు, వేళ్లున్న ముక్కలను ఎండలో మాడ్చి గానీ బయట పారేయొద్దు.

అలాగే శనివారం స్వామి దర్శనానికి వెళ్లినప్పుడు ఏటి ఒడ్డున తుంగ బాగుందని పీక్కురావొద్దు. అది అడవి సొత్తు. ఒడ్డు మట్టి వరదకు కొట్టుకుపోకుండా పట్టుకుని ఉన్నది ఆ వేళ్లే. చూసి నేర్చుకో, చాలు. రాతి సందుల్లో ఎక్కడ తడి ఆగుతుందో అక్కడే అది ఎలా కాలూనిందో, ఎండ ఎటు పడుతుందో, దాని పక్కన ఇంకేం పెరుగుతున్నాయో గమనించు. మొక్కల పుస్తకాలన్నీ అలా చూసినవాళ్లు రాసినవే.

ఇంత కష్టం ఎందుకత్తా, రెండు బస్తాల సిమెంటుతో పోయేదానికి అంటావేమో. నిజమే, గచ్చు ఒక్క రోజు పని. మడి అయితే వారానికోసారి నీ చెయ్యి పడాలి. కానీ కరువు నేల మీద ఇల్లు కట్టుకున్నవాళ్లం, నీళ్లు బిందెలోకి వచ్చేదాకా ఒక తీరుగా, బిందెలోంచి పోయాక ఇంకో తీరుగా చూడకూడదు తల్లీ. నీ పెరట్లో తడి ఒక శాపమని నువ్వు అనుకుంటున్నావు. రాచర్ల మండలంలో అడిగి చూడు, ఏడాదంతా తడి ఆరని జాగా ఎంతమంది పెరళ్లలో ఉంది? నీకు దొరికింది. దాన్ని పచ్చగా మార్చుకునే దారి నీ చేతిలో ఉంది. పాపాయికి కూడా నీళ్లంటే ఏమిటో మాటలతో చెప్పనక్కర్లేదు, వారం వారం ఆ జాలీ కడుగుతుంటే చూసి తనే తెలుసుకుంటుంది.

మేస్త్రీకి ఈ వారమే చెప్పి గచ్చు పని ఆపించు. కొలతలు వేసి, గోడ దూరం, బోరు దూరం రాసి అల్లుణ్ని నాకు ఫోను చేయమను. గొడుగు తుంగ కుదురు ఒకటి నా దగ్గరే ఉంది, వేళ్లు కడిగి మీ నాన్న చేత పంపిస్తాను. కొనొద్దు.

ఇల్లు చల్లగా ఉండాలి, మీరందరూ చల్లగా ఉండాలి.

ఆశీస్సులతో,
మీ అత్త